అమ్మ పాలపద్దు పుస్తకం వెనక పేజీలు

మా సనత్‌నగర్ ఇంట్లో వంటగది కిటికీ ఊచకి ఒక పొడుగాటి నోటుపుస్తకం పురికొసతో కట్టి వేలాడుతుండేది. ముందు నుంచి తెరిస్తే పాలపద్దు, కిరాణా బాకీ, కిరసనాయిలు ఎప్పుడు తెచ్చాం, నల్లా ఏ రోజు ఎన్నింటికి వచ్చింది, ఇలాంటివి. తిరగేసి వెనక నుంచి తెరిస్తే మాత్రం పిల్లల పేర్లు. ఎడమ పేజీలో ఆడపిల్లలవి, కుడి పేజీలో మగపిల్లలవి, అమ్మ గుండ్రటి చేతిరాతలో, కొన్ని సిరాతో, కొన్ని పెన్సిల్‌తో. ఎవరికైనా ఒక పేరు చెప్పి, వాళ్లు అదే పెట్టుకున్నారంటే దాని పక్కన ఎవరికి పెట్టారో రాసేది. 'దేవిక, మూడో పోర్షన్'. 'గౌతమ్, పాలాయన కొడుకు'. ఒకరికి ఇచ్చేసిన పేరు అదే గల్లీలో ఇంకొకరికి మళ్లీ చెప్పేది కాదు.

ఈమధ్య మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. అల్లుడు ఫోన్ చేసి "మామయ్యా, మీకు ఇష్టమైన పేర్లు ఒక పది పంపండి" అన్నాడు. పదేం ఖర్మ, నాకు వంద పేర్లు నోటికొచ్చు, అన్నీ ఆ పుస్తకంలోవే. పంపుదామని కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే పేరుతో పాటు ఆ పిల్ల, ఆ పిల్లతో పాటు వాళ్లమ్మ, ఆ వాకిలి అన్నీ గుర్తొచ్చాయి. అందుకే రాస్తున్నాను.

నాన్న సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో టర్నర్. 1970ల్లో మేం అద్దెకున్న ఇల్లు ఏడు పోర్షన్లది, మధ్యలో వాకిలి, వాకిట్లో ఒక్క నల్లా. ఏడు పోర్షన్లలో ఏడు ఊళ్ల వాళ్లు, అందరూ ఫ్యాక్టరీ పనుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే. పేరు వింటే చాలు, మనిషి ఏ దిక్కు నుంచి వచ్చాడో మా నాయనమ్మ చెప్పేసేది. యాదగిరి, యాదయ్య, యాదమ్మ అంటే మా గుట్ట నరసింహస్వామికి మొక్కినవాళ్లు. రాజయ్య, రాజేశం, రాజవ్వ అంటే వేములవాడ రాజన్న. కొమురయ్య, కొమురమ్మ అంటే కొమురెల్లి మల్లన్న. సమ్మయ్య, సారక్క అంటే మేడారం. ఇవి ఆమెకు ముందే తెలుసు. ఇంట్లోకి కొత్తవాళ్లు దిగేకొద్దీ కొత్తవి నేర్చుకుంది. రెండో పోర్షన్‌లోకి నెల్లూరు నుంచి ఒకాయన వచ్చాడు, ఆయన పేరు పెంచలయ్య. అదేం పేరు అని అడిగితే పెంచలకోనలో నరసింహస్వామి ఉన్నాడు, ఆయన పేరు అన్నాడు. నాయనమ్మ "అయితె మన సామే!" అని మురిసిపోయింది. ఆ తర్వాత కర్నూలు వాళ్లింట్లో మద్దిలేటి, ఓబులేసు అని ఇద్దరన్నదమ్ములు. మద్దిలేటి స్వామీ నరసింహుడే, అహోబిలం ఓబులేసూ నరసింహుడే. శ్రీకాకుళం వాళ్ల సింహాచలం, అప్పన్న కూడా ఆయనే. నాయనమ్మ అక్షరం ముక్క రాని మనిషి, ఆలేరు పక్క పల్లె దాటి ఎక్కువ తిరిగింది కూడా లేదు, కానీ ఆ వాకిట్లో కూర్చునే ఆంధ్రదేశం అంతా తన దేవుడే ఉన్నాడని తెలుసుకుంది. ఎవరొచ్చినా ముందు ఆ నాలుగు పేర్లు వరసగా చెప్పి, అంతా ఒక్క సామే చూడు అనేది.

హుజూర్‌నగర్ దిక్కు నుంచి సైదులు అనే అబ్బాయి వచ్చాడు, గది తీసుకుని ఒక్కడే ఉండేవాడు. తురకోళ్ల పిల్లగాడనుకుంది నాయనమ్మ. కాదు, జాన్‌పహాడ్ దర్గాకి మొక్కుకుంటే పుట్టాడట, అక్కడ హిందువులూ ముస్లింలూ అందరూ మొక్కుతారు, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికొక సైదులు, సైదయ్య, సైదమ్మ ఉంటారు. ఇప్పుడు ఆ ఊళ్లలో కూడా చిన్నపిల్లలకి ఆ పేరు పెట్టడం తగ్గిపోయిందంటే నాకు బాధగానే ఉంటుంది.

అయితే నాకు అన్నిటికన్నా గట్టిగా గుర్తున్నది ఒక మధ్యాహ్నం. నల్లా దగ్గర శ్రీకాకుళం ఆవిడ వాళ్ల మరిది ఊరి నుంచి వస్తున్నాడని చెప్పింది. పేరు తవిటయ్య. నాయనమ్మ తవుడేంది, పేరేంది అంది. ఆవిడ బిందె పక్కకి పెట్టి నెమ్మదిగా చెప్పింది. వాళ్లత్తకి ముందు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారట. నాలుగోవాడు పుట్టగానే పొరుగింటావిడ చేతిలో పెట్టేసి, చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు మళ్లీ తెచ్చుకున్నారట. తవుడికి కొన్న పిల్లాడు కాబట్టి మృత్యువు కంట పడడని. నాయనమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా దిక్కు పెంట మీద పండబెడతం" అంది. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంకొకరితో తీయించి, వాళ్ల దగ్గర తెచ్చుకుంటారు, ఆ బిడ్డ పెంటయ్యో పెంటమ్మో అవుతుంది. అడుక్కొచ్చుకున్నట్టు పెడితే భిక్షపతి. ఇద్దరూ ఎక్కడెక్కడివాళ్లో, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతుంది, ఆ రోజు మాత్రం నల్లా ఆగిపోయినా లేవకుండా అక్కడే కూర్చున్నారు. పెంటయ్య అనే పేరు విని బడిలో పిల్లలు నవ్వుతుంటే నేను ఎప్పుడూ నవ్వలేకపోయాను. ఆ పేరు వెనక ఒక తల్లి ఎంత భయపడి ఉంటుందో ఆ మధ్యాహ్నం విన్నాను కాబట్టి.

నా విషయం కూడా అదే. నా కన్నా ముందు పుట్టిన అన్న నెల తిరగకుండానే పోయాడు. 1968లో నేను పుట్టినప్పుడు నాయనమ్మ పెంటయ్య అని పెడదామంది. అమ్మ మొదటిసారి అత్తకి ఎదురు చెప్పిందట, పెంట మీద పెట్టనియ్యను అని. నాయనమ్మ గుట్టకి మొక్కి యాదగిరి అంది. అమ్మ దానికి ఒప్పుకుంది. కాలేజీలో చేరాక నేను కొన్నేళ్లు గిరి అని చెప్పుకున్నాను. ఒకసారి ఇంటి ఓనర్ గారి ఫోన్‌కి నా ఫ్రెండ్ ఫోన్ చేసి గిరి ఉన్నాడా అంటే, నాయనమ్మ తీసి "గిరి అనేటోళ్లు ఎవ్వరు లేరు, యాదగిరి ఉన్నడు, పిల్వాల్నా?" అందట. ఆ రోజు నుంచి పూర్తి పేరే చెబుతున్నాను.

ఇక అమ్మ సంగతి. అమ్మ చదివింది ఏడో తరగతి. కానీ సందు చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, వంట అయ్యాక రోజుకొక నవల చదివేది, రోజుకి పావలా. నచ్చిన పేరు కనబడితే చాలు, చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికెళ్లి రాసుకునేది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా పంతులు గారు అక్షరం చెప్పగానే మా గుమ్మం ముందుకొచ్చేవాళ్లు. "అక్కా, 'దే' వచ్చిందంట, మంచి పేరు చెప్పవా." నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు, ఇవన్నీ అమ్మకి పంచాంగం చూడకుండా వచ్చేవి. అశ్వినికి చు చే చో లా, భరణికి లీ లూ లే లో అని పప్పు రుబ్బుతూ చదువుతుంటే నాకూ చెల్లికీ ఎక్కాల కంటే ముందు అవే వచ్చాయి. రేవతి మొదటి పాదం కాబట్టి 'దే', దేవిక. జ్యేష్ఠ రెండో పాదానికి 'యా', యామిని. అనూరాధకి 'నీ', నీలిమ. ఆరో పోర్షన్ వాళ్ల బాబుది హస్త, పంతులు గారు 'ణ' అన్నారు. 'ణ'తో తెలుగులో పేరెక్కడుంది? వాళ్లకి టెన్షన్. అమ్మ మాత్రం వెంటనే, అదే నక్షత్రం మొదటి పాదం 'పూ' కదా, పూర్ణచందర్ అని పెట్టుకోండి అంది. పంతులు గారు కూడా సరేనన్నారు.

అమ్మకి ఒక పద్ధతి ఉండేది. పేరు చెప్పే ముందు గేటు దాకా నడిచి, గల్లీ వైపు తిరిగి ఆ పేరుని నిజంగానే ఒకసారి గట్టిగా పిలిచి చూసేది, అక్కడ ఎవరూ లేకపోయినా సరే. "పిలిచేటోళ్ల నోరు నొవ్వద్దు, ఆడుకునే పిల్లకి వినబడాలె" అనేది. అందుకే ఆమె పేర్లన్నీ చిన్నవి. ఆడపిల్లలకి శారద, వసుధ, యామిని, చంద్రిక, మాలతి, హైమ. మగపిల్లలకి రఘు, మురళి, ఆనంద్, వసంత్, శేఖర్. శ్రీనివాస్ అంటే ఆమెకి ఇష్టమే, కానీ ఎవరికీ చెప్పేది కాదు, అడగకుండానే అందరూ పెట్టుకుంటున్నారని. నిజమే, 1984లో నా పదో తరగతి సెక్షన్‌లో ఐదుగురు శ్రీనివాస్‌లు, ఇంటిపేరు మొదటి అక్షరంతో పిలిస్తే తప్ప ఎవరు పలకాలో తెలిసేది కాదు. ఇప్పటికీ నన్నడిగితే ఆడపిల్లకి యామినిని మించిన పేరు లేదు, మగపిల్లాడికి వసంత్.

ఐదో పోర్షన్‌లో ముస్లిం కుటుంబం ఉండేది. వాళ్ల పాపకి ఏడో రోజున నీలోఫర్ అని పేరు పెట్టారు. అర్థం ఏంటని అమ్మ అడిగితే ఆ అమ్మాయి వాళ్ల నానీ, నీళ్లలో పూచే పువ్వు అంది, కలువ అన్నమాట. అప్పటిదాకా మాకు నీలోఫర్ అంటే పిల్లల దవాఖానా అంతే. అది నిజాం చిన్న కోడలి పేరని, ఆమె దగ్గర పనిచేసే మనిషి పురిట్లో చనిపోతే ఆ బాధతో తల్లుల కోసం, బిడ్డల కోసం దవాఖానా కావాలని పట్టుబట్టిందని నానీ చెప్పింది. అమ్మ పుస్తకంలో 'నీలోఫర్ అంటే కలువ' అని రాసి, దాని కింద 'కుముద' అని రాసుకుంది. నెల తిరక్కుండానే నాలుగో పోర్షన్ శ్రీకాకుళం ఆవిడ కూతురికి కుముద అని పెట్టించింది. అలా ఒక్క వాకిట్లో రెండు కలువలు కలిసి పెరిగాయి, ఒకే రిక్షాలో బడికి వెళ్లేవి. సంస్కృతంలో నీలోత్పలం, ఫార్సీలో నీలోఫర్ ఒక మాట నుంచే వచ్చాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అమ్మకి చెబుదామనుకునేసరికి అమ్మ లేదు.

మా చెల్లి పేరు గురించి చెప్పాలి. అది 1971లో పుట్టింది. నాయనమ్మ వాళ్లమ్మ పేరు నర్సమ్మ, అదే పెట్టాలని పట్టుబట్టింది, పెట్టారు. అమ్మ మనసులో ఇంకో పేరు ఉండిందట కానీ, నాయనమ్మ ఆ పేరు వినగానే "ఏటి పేరు పెడితె పిల్ల ఒక్క తాన నిలువది" అని కొట్టిపారేసింది. ఐదేళ్లకి బడిలో చేర్చడానికి అమ్మ ఒక్కతే తీసుకెళ్లింది. హెడ్‌మాస్టారు పేరు అడిగితే "నర్మద" అంది. రిజిస్టర్‌లో అదే పడింది. నర్సమ్మనే బడి కోసం అలా మార్చారని నాయనమ్మ అనుకుంది, చివరిదాకా అలాగే అనుకుంది. నర్మద కూడా ఏరే అని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆ వెనక పేజీల్లో, ఎడమ వైపు అన్నిటికన్నా పైన, 'మంజీర' అని ఒక మాట ఉండేది. పక్కన ఎవరి పేరూ ఉండేది కాదు, ఖాళీ. నేను అది నీళ్ల లెక్క అనుకునేవాణ్ని. మాకు వచ్చేవి మంజీర నీళ్లే, 'ఇవాళ మంజీర రాలేదు' అని అందరూ అనుకుంటుండేవాళ్లు, ముందు పేజీల్లో రాయాల్సింది అమ్మ పొరపాటున వెనక రాసిందనుకున్నాను. మఖ నక్షత్రం అని, 'మ'తో ఏదైనా చెప్పమని ఎంతోమంది అడిగారు. మాధవి చెప్పింది, మాలతి చెప్పింది, మాధురి, మీనాక్షి చెప్పింది. పైన ఉన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

1996లో మాకు అమ్మాయి పుట్టినప్పుడు నేను అమ్మని అడగలేదు. ఎందుకు అడగలేదంటే ఇప్పటికీ నా దగ్గర సరైన సమాధానం లేదు. మేం అప్పటికి వేరే ఉంటున్నాం, కోఠిలో పేర్ల పుస్తకం ఒకటి కొన్నాను, నేనూ నా భార్యా రాత్రిళ్లు కూర్చుని చూసుకున్నాం, ఆఫీసులో ఒకాయన అంకెలు కూడి ఇన్ని అక్షరాలుంటే మంచిదన్నాడు, ప్రత్యూష అని పెట్టేశాం. అమ్మకి ఫోన్లో చెప్పాను. "మంచిగున్నది బిడ్డా" అంది. ఊరంతటికీ పేర్లు పెట్టిన మనిషికి తన మనవరాలి పేరు ఫోన్లో తెలిసింది.

2009 శివరాత్రికి అమ్మని ఏడుపాయల జాతరకి తీసుకెళ్లాం. అమ్మ పుట్టిల్లు మెదక్ పక్కన, ఏటికి దగ్గర్లోనే. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలి పారుతుంది, మధ్యలో బండల కింద వనదుర్గమ్మ గుడి. దర్శనం అయ్యాక రద్దీకి దూరంగా ఒడ్డున కూర్చోబెట్టాను. పాదాలు నీళ్లలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చిన్నప్పుడు ఇక్కడే బట్టలు ఉతికేవాళ్లమని, ఎండాకాలం చెలిమలు తోడి నీళ్లు తెచ్చుకునేవాళ్లమని, పెళ్లయి పట్నం వచ్చాక కొన్నేళ్లకి మంజీర నీళ్లు నల్లాలో వస్తున్నాయంటే తన ఏరు తన వెనకే వచ్చిందనుకున్నానని చెప్పింది. మంజీరం అంటే కాలి అందె అని కూడా ఏదో నవలలో చదివిందట. "నీ చెల్లెకు పెడదామనుకున్న, మీ నాయనమ్మ ఒప్పుకోలె. మల్ల నీ బిడ్డకన్న పెడదామనుకున్న" అంది.

"మరి చెప్పలేదేమమ్మా" అన్నాను.

"నువ్వు అడగలె గద" అంది. కోపంగా అనలేదు. నీళ్లలోకి చూస్తూ మామూలుగానే అంది.

2011లో అమ్మ పోయింది. పుస్తకం ఉప్పల్‌లో చెల్లి ఇంట్లో ఉంది.

అల్లుడికి అమ్మ పేర్లన్నీ పంపాను, పైన మంజీర రాసి. వాళ్లు చదివారు, బాగున్నాయన్నారు, కానీ పాపది చిత్త నాలుగో పాదం, 'రీ'తో కావాలి, మిగతా కుటుంబానికి కూడా నచ్చాలి కదా. నేను బలవంతం చేయలేదు. అప్పట్లో నేనూ నా ఇష్టప్రకారమే పెట్టుకున్నాను. ఇప్పటి పిల్లల పేర్లు, ఆద్య, సాన్వి, హన్విక, విహాన్, నోటికి కొత్తగా ఉన్నా వాళ్లు ఎంతో ఆలోచించే పెడుతున్నారు, ప్రతి పేరుకీ అర్థం వెతుకుతున్నారు, అక్షరం అక్షరం చూసుకుంటున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటికి పేరు ఖాయం కాలేదని మా అమ్మాయి కంగారు పడితే ఆ ఒక్క విషయంలో ధైర్యం చెప్పాను. పుట్టుకని 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ పేరు అప్పుడే ఉండాలని లేదు, ఏడాదిలోపు రుసుము లేకుండానే చేర్చొచ్చు, ఆ తర్వాత కూడా 15 ఏళ్ల దాకా రుసుము కట్టి చేర్చొచ్చు. నిదానంగా ఆలోచించుకోండి అన్నాను. చివరికి రీతిక అనుకున్నారు.

ఇరవై ఒకటో రోజు కొండాపూర్‌లో వాళ్ల ఫ్లాట్‌లోనే తొట్టెల చేశారు. పళ్లెంలో బియ్యం పోసి పంతులు గారు అల్లుడి చేతికి బంగారు ఉంగరం ఇచ్చి రాయించారు. మొదట నక్షత్రం పేరు, తర్వాత రీతిక. "పెద్దలు ఇంకేమైనా పేరు అనుకున్నారా" అని పంతులు గారు అడిగారు. నా గొంతు పెగల్లేదు. వెనక నుంచి మా చెల్లి "మంజీర" అంది. అల్లుడు ఒక్క క్షణం నావైపు చూసి, బియ్యం మళ్లీ సర్ది రాశాడు. 'మంజిర' అని రాస్తే చెల్లి వంగి "దీర్ఘం బాబూ, జీ" అని దిద్దించింది. మా అమ్మాయి పాప కుడి చెవిలో మూడు పేర్లూ మూడేసిసార్లు చెప్పింది. సర్టిఫికెట్‌లో రీతిక అనే ఉంటుంది, బడిలో అదే ఉంటుంది. ఆ బియ్యంతో మర్నాడు పరమాన్నం వండారు, మా చెల్లికి ఒక డబ్బా కట్టిచ్చారు.

మొన్న ఆదివారం ఉప్పల్ వెళ్తే చెల్లి పుస్తకం తీసి చూపించింది. పేజీలు పసుపెక్కి అంచులు రాలుతున్నాయి, పెన్సిల్‌తో రాసినవి సగం కనబడటం లేదు. అన్నిటికన్నా పైన మంజీర పక్కన ఆ ఖాళీ జాగాలో, అమ్మ రాసినట్టే చిన్న అక్షరాలతో, చెల్లి నీలం పెన్నుతో రాసి ఉంచింది: 'అన్న మనవరాలు, కొండాపూర్'.